శ్రామికబంధువు వరాహగిరి వేంకటగిరి

పలనాటి సీమలో నడికుడి యను గ్రామము కలదు. గుంటూరునుండి మాచర్లకు పోవు రైలుమార్గమును, బీబీనగరమునుండి కృష్ణానదిని దాటి వచ్చు మార్గమును అచ్చట కలిసికొనును. రైలు సకాలమున క్షేమముగా వచ్చినచో ప్రయాణికులు దిగి తమ దారిని తాము పోవుదురు. మండుటెండలో పట్టాల బిగువు చూచినవానిని, నడిరేయి మేలుకొని పచ్చదీపము చూపినవానిని తలచుకొనువారు అరుదు. ఆ చుట్టుపట్ల సున్నపురాతి గనులు, సున్నపుబట్టీలు, మిల్లులు, దుకాణములు పెక్కు కలవు. ఇచ్చట నలుగురు, అచ్చట పదిమంది చొప్పున ఎందరో జనులు ఒకరియొద్ద పనిచేసి జీవించుచున్నారు.

ఒక గుమాస్తా ఒక దుకాణమున ఇరువది సంవత్సరములు నమ్మకముగా పనిచేసినాడనుకొందము. తాళపుచెవులు అతని చేతిలోనుండును. ఖాతాదారుల పేర్లు, వారి బాకీలు అతనికి కంఠస్థములు. యజమాని ఊరికి పోయినను వ్యాపారము ఆగదు. అట్టివానికి యజమాని ఇయ్యవలసినది నెలజీతము మాత్రమేనా? వ్యాపారము మందగించినప్పుడు ఆ నష్టమును ఎవరు భరింపవలెను? అతడు వృద్ధుడై పనికి రాలేని దినమున అతనికి దిక్కెవరు? ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచును గాని, వీనికి న్యాయమైన సమాధానము చెప్పుట సులభము కాదు. తన జీవితమున అధికభాగమును ఇట్టి ప్రశ్నలకు సమాధానములు వెదకుటయందే గడపిన ఆంధ్రుడు వరాహగిరి వేంకటగిరి. వి.వి.గిరి యను పేరుతో లోకము ఆయనను ఎరుగును.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము గంజాము జిల్లాలోనిది. నేడది ఒడిశా రాష్ట్రమున ఉన్నను, ఆనాడు మద్రాసు రాజధానిలోని భాగము. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మ. ఇంట దేశభక్తిని గూర్చిన ప్రసంగములు వినుచు బాలుడు పెరిగెను. బరంపురములోని ఖల్లికోట కళాశాలలో చదువు ముగించిన పిమ్మట, న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమైన డబ్లినుకు పయనమయ్యెను.

విద్యార్థి పుస్తకములనుండియే గాక, తాను నివసించు ఊరినుండియు పాఠములు నేర్చుకొనును. గిరి డబ్లినుకు పోయిన ఆ సంవత్సరమే ఆ నగరమున గొప్ప సంఘర్షణ చెలరేగెను. ట్రాముబండ్లు నడుపువారు, ఓడరేవులో మూటలు మోయువారు తమ కష్టములు చెప్పుకొనుటకై ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘములో చేరినవారికి పనిలేదని యజమానులు తలుపులు మూసివేసిరి. సుమారు ఇరువదివేలమంది జీవనోపాధిని కోల్పోయిరి. నెలల తరబడి వారి కుటుంబములు ఆకలితో అలమటించినవి. తుదకు వారిలో పలువురు ఓటమి నంగీకరించి తిరిగి పనిలో చేరవలసివచ్చెను. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ అను వారు ఆ శ్రామికులకు నాయకులు. వారి ప్రభావము ఈ ఆంధ్ర విద్యార్థి మనస్సున గాఢముగా నాటుకొనెను. ఒంటరిగా నిలిచిన పనివాడు నిస్సహాయుడనియు, పదుగురు కలిసినచో వారి మాటకు విలువ వచ్చుననియు గిరి అచ్చట గ్రహించెను.

ఐర్లండు ప్రజలు అప్పుడు ఆంగ్లప్రభుత్వమునుండి విముక్తికై పోరాడుచుండిరి. 1916లో ఈస్టరు పండుగ దినములలో డబ్లిను నగరమున తిరుగుబాటు జరిగెను. ప్రభుత్వము దానిని కఠినముగా అణచివేసెను. ఐరిష్ దేశభక్తులయెడ సానుభూతి కలిగియున్న గిరిపై అధికారులకు అనుమానము కలిగి, దేశమును విడిచిపొమ్మని ఆజ్ఞాపించిరి. అప్పటికి ఆయన న్యాయవాదిపట్టమును పొందియుండెను. ఆ సంవత్సరమే స్వదేశమునకు మరలివచ్చి, బరంపురమున న్యాయవాదవృత్తిని ప్రారంభించెను.

తండ్రి పేరు కలదు, విదేశములో చదివిన చదువు కలదు, చక్కని వాగ్ధాటి కలదు. ధనము సంపాదించుట ఆయనకు కష్టము కాదు. అయినను సహాయనిరాకరణోద్యమము వచ్చినప్పుడు గిరిగారు వృత్తిని త్యజించి మహాత్ముని మార్గమున నడచిరి. కల్లు, సారాయి దుకాణములయెదుట నిలిచి మద్యపానమును మానుడని ప్రబోధించినందుకు 1922లో కారాగృహమున కేగిరి.

ఆ కాలమున బెంగాలు నాగపూరు రైల్వే యను సంస్థ కలకత్తానుండి వాల్తేరు వరకును, నాగపూరు వరకును బండ్లు నడుపుచుండెను. దాని గొప్ప కర్మాగారము ఖరగపూరులో నుండెను. ఉత్తరాంధ్ర మండలములనుండి వలసపోయిన తెలుగువారు పెక్కుమంది అచ్చట పనిచేయుచుండిరి. వారికి తమ భాష తెలిసిన నాయకుడు, చట్టము తెలిసిన నాయకుడు, తమను చూచి మొగము చిట్లించుకొనని నాయకుడు కావలసివచ్చెను. గిరిగారు వారి మధ్యకు పోయి, వారి సంఘమునకు అండగా నిలిచిరి. అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్యను నిర్మించినవారిలో ఆయన ముఖ్యులు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులుగా ఎన్నికైరి. 1927లో జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత శ్రామికుల ప్రతినిధిగా వెళ్లిరి.

1927, 1928 సంవత్సరములలో ఆ రైల్వేసంస్థ ఖర్చు తగ్గించుకొనుటకై పనివారిని పెద్దసంఖ్యలో తొలగింప నిశ్చయించెను. బండ్ల మరమ్మతులు చేసిచేసి చేతులు కాయలు కాచినవారు ఒక్క కాగితపు ముక్కతో వీధిలో నిలువవలసివచ్చెను. సంస్థకు నష్టమన్న మాటను వారు విన్నారు గాని, ఆ నష్టమును తామే ఏల మోయవలెనో వారికి బోధపడలేదు. గిరిగారి నాయకత్వమున వారు పని మానిరి. కోపము వచ్చినను రాయి విసరకుండుట, ఆకలియైనను క్రమము తప్పకుండుట ఆ సమ్మెలోని నియమములు. శాంతియుతముగా సాగిన ఆ పోరాటము ఫలించెను. సంస్థయు, ప్రభుత్వమును తొలగింపబడిన పనివారి కోరికలకు తలయొగ్గవలసివచ్చెను. భారత శ్రామికోద్యమ చరిత్రలో అది యొక మైలురాయిగా పరిగణింపబడుచున్నది.

1931లో లండనున జరిగిన రెండవ రౌండుటేబులు సమావేశమునకు గిరిగారు శ్రామికుల ప్రతినిధిగా వెళ్లిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గమున సాక్షాత్తు బొబ్బిలి రాజాగారితోనే పోటీచేసిరి. రాజాగారు జస్టిస్ పార్టీ నాయకులు. మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిపదవి నిర్వహించినవారు. ఆయన సంస్థానమున ఆయనను ఓడించుట అసాధ్యమని పలువురు తలచిరి. కాని ప్రజలు గిరిగారినే ఎన్నుకొనిరి. రాజాజీ మంత్రివర్గమున ఆయన శ్రామికశాఖను, పరిశ్రమల శాఖను స్వీకరించిరి. అంతవరకు శ్రామికుల పక్షమున వాదించినవాడు ఇప్పుడు ఉభయపక్షముల మాటలు వినవలసిన స్థానమున కూర్చుండెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున మరల చెరసాల పాలైరి. 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున మరల శ్రామికమంత్రి యైరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951 వరకు సింహళద్వీపమున భారత ప్రతినిధిగా నుండిరి.

1952లో ప్రథమ సాధారణ ఎన్నికలు జరిగినవి. పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికైన గిరిగారిని నెహ్రూపండితుడు కేంద్రమంత్రివర్గమున శ్రామికమంత్రిగా నియమించెను. ఆ సంవత్సరము అక్టోబరులో నైనీతాలున జరిగిన భారత శ్రామిక సమావేశమున గిరిగారు తమ విధానమును వివరించిరి. పిదప అది గిరిమార్గమని పేరొందెను. యజమానికిని పనివానికిని వివాదము వచ్చినప్పుడు ప్రభుత్వము బలవంతముగా ఇరువురను న్యాయస్థానమునకు ఈడ్చుట తగదనియు, ఇరుపక్షములవారే ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొని ఒక అంగీకారమునకు వచ్చుట మేలనియు ఆయన విశ్వసించిరి. అట్లు కుదరనిచో, ఇరువురును ఇష్టపడి ఎన్నుకొనిన మధ్యవర్తి చెప్పినదానికి కట్టుబడవలెను.

ఈ మార్గమున లోతైన వివేకము కలదు. వ్యాజ్యము గెలిచినవాడు ఓడినవానితో మరునాడు కలిసి పనిచేయవలెను గదా! పెద్ద కర్మాగారములో వేలమంది ఉందురు. యజమాని మొగమే వారు చూడకపోవచ్చును. చిన్న దుకాణములోనో, నలుగురు పనిచేయు బట్టీయొద్దనో అట్లు కాదు. అచ్చట యజమానియు పనివాడును ప్రతిదినము ఒకరి మొగమొకరు చూచుకొనవలెను. అచ్చట సంఘము లేదు. వకీలును పెట్టుకొను శక్తి పనివానికి లేదు. మాటయు, నమ్మకమును అచ్చటి మూలధనములు. కనుక లెక్కలు దాచక ఎదుట పెట్టి, ఇది నా రాబడి, ఇది నా ఖర్చు, ఇందులో నీకు ఇంత న్యాయమని చెప్పగల యజమానియే అచ్చట నిజమైన న్యాయమూర్తి.

అయితే గిరిగారి సిద్ధాంతమునకు కఠినపరీక్ష త్వరలోనే వచ్చెను. అది బ్యాంకు ఉద్యోగుల వివాదము.

దేశములోని బ్యాంకులలో పనిచేయు గుమాస్తాలు తమ జీతములు చాలవని చిరకాలముగా మొరపెట్టుకొనుచుండిరి. ఒక న్యాయమండలి 1950లో తీర్పు చెప్పగా, నియామకములోని లోపము కారణముగా 1951లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. శాస్త్రిగారి అధ్యక్షతన ఏర్పడిన మరియొక మండలి 1953లో తీర్పు చెప్పెను. దానిపై అప్పీలు జరిగి, 1954లో శ్రామిక అప్పీలు న్యాయమండలి తుది నిర్ణయము చేసెను. ఉద్యోగులు సంవత్సరముల తరబడి వేచియుండిరి. ఇంటి అద్దెలు, బిడ్డల చదువులు ఆ తీర్పుపై ఆధారపడియుండెను. ఆ కాలమంతయు వారు ప్రజల ధనమును పైసతో సహా లెక్కకట్టి భద్రపరచుచునే యుండిరి.

అప్పుడు ప్రభుత్వమునకు ఒక సంశయము కలిగెను. పెద్ద నగరములలోని పెద్ద బ్యాంకులు ఈ జీతములు ఇయ్యగలవు. చిన్న బ్యాంకులు, చిన్న ఊళ్లలోని శాఖలు ఈ భారమును మోయగలవా? మోయలేక అవి మూతపడినచో పల్లెలలోని రైతునకు, వర్తకునకు అప్పు పుట్టు మార్గమేది? ఈ భయము నిరాధారమైనది కాదు. చిన్న వ్యాపారమునకు శక్తి తక్కువయన్నది సత్యమే. ఈ ఆలోచనతో 1954 ఆగస్టులో ప్రభుత్వము న్యాయమండలి తీర్పును ఉద్యోగులకు నష్టము కలుగునట్లు సవరించెను.

శ్రామికమంత్రి యేమి చేయవలెను? సహమంత్రుల నిర్ణయమును శిరసావహించి పదవిలో నిలుచుట ఒక మార్గము. ఆ నెలయందే గిరిగారికి అరువది సంవత్సరములు నిండినవి. ఎన్నియో చెరసాలలు, ఎన్నియో సమ్మెలు చూచిన పిదప లభించిన ఉన్నతపదవి అది. ప్రధానమంత్రితో ఆయనకు వైరము లేదు. మౌనముగా నుండినచో ఆయనను వేలెత్తి చూపువారును తక్కువ. కాని ఇరుపక్షముల వాదములు విని న్యాయమండలి ఇచ్చిన తీర్పును, ఒక పక్షమునకు కష్టమని ప్రభుత్వమే మార్చినచో, రేపు ఏ పనివాడు న్యాయమండలిని నమ్మును? సమ్మె మాని శాంతముగా తీర్పుకై వేచియుండుడని ఏ మొగముతో చెప్పగలము? ఆ మార్పులో పాలుపంచుకొనుటకు గిరిగారి మనస్సు అంగీకరింపలేదు. ఆయన మంత్రిపదవికి రాజీనామా ఇచ్చిరి.

ఆయన పదవిని విడిచినంతమాత్రమున వివాదము తీరలేదు గాని, దేశమంతయు ఆ ప్రశ్నను గూర్చి ఆలోచింపసాగెను. ప్రభుత్వము విషయమును పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. మొదట రాజాధ్యక్ష గారును, ఆయన మరణానంతరము న్యాయమూర్తి గజేంద్రగడ్కరు గారును దానికి అధ్యక్షత వహించిరి. ఆ సంఘము బ్యాంకుల లెక్కలను పరిశీలించి, అప్పీలు మండలి తీర్పును కొన్ని మార్పులతో తిరిగి అమలుపరచవలెనని సూచించెను. 1955లో పార్లమెంటు తదనుగుణముగా చట్టము చేసెను. ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. చిన్నసంస్థ తన శక్తి తక్కువయని చెప్పుకొనవచ్చును; కాని ఆ మాటను లెక్కలతో నిరూపింపవలెను. నోటిమాటతో పనివాని కూలిని తగ్గించుట న్యాయము కాదు.

పదవి లేని కాలమును గిరిగారు వ్యర్థము చేయలేదు. శ్రామికసమస్యలను శాస్త్రీయముగా అధ్యయనము చేయుటకై 1957లో భారత శ్రామిక ఆర్థికశాస్త్ర సంఘమును స్థాపించిరి. పారిశ్రామిక సంబంధములను గూర్చి, భారత పరిశ్రమలలోని శ్రామికసమస్యలను గూర్చి ఆంగ్లమున గ్రంథములు వ్రాసిరి. పిదప ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు వరుసగా గవర్నరుగా నుండిరి. 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969లో రాష్ట్రపతి ఎన్నిక మిక్కిలి తీవ్రమైన పోటీతో జరిగెను. స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన గిరిగారు మరియొక తెలుగు నాయకులైన నీలం సంజీవరెడ్డిగారిపై గెలుపొంది, ఆ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన భారత రాష్ట్రపతిగా ప్రమాణస్వీకారము చేసిరి.

ఆయన రాష్ట్రపతిగా నున్నప్పుడు, 1972 ఆగస్టులో, గ్రాట్యుటీ చెల్లింపు చట్టము ఆయన ఆమోదముద్రను పొందెను. రాష్ట్రపతి మంత్రుల సలహా ప్రకారము సంతకము చేయునన్నది నిజమే. అయినను ఆ కాగితముపై పడిన సంతకము ఖరగపూరు పనివారి కష్టములు చూచినవానిది. పదిమందియో, అంతకు మించియో పనిచేయు దుకాణములకు సైతము ఆ చట్టము వర్తించెను. ఐదు సంవత్సరములు ఎడతెగక పనిచేసినవాడు పని విరమించునప్పుడు, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల జీతము చొప్పున యజమాని అతనికి ఇయ్యవలెనని అందు విధింపబడెను. ఆ చట్టపు సారము 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతిలో చేర్చబడినది. అంతకు పూర్వము ముదుసలి గుమాస్తాకు యజమాని పండుగనాడు ఇచ్చు బట్టలవలె, దయతో ఇచ్చినచో ఇచ్చినట్లు, లేనిచో లేనట్లు ఉండిన ధనము ఆనాటినుండి హక్కుగా మారెను. విశ్వాసముగా గడపిన సంవత్సరములకు ఒక విలువ కలదని చట్టము అంగీకరించెను.

1974 మే నెలలో దేశమందలి రైల్వే ఉద్యోగులు సమ్మెచేసిరి. ప్రభుత్వము వేలమందిని నిర్బంధించి దానిని అణచివేసెను. ఒకప్పుడు రైల్వే పనివారికి నాయకుడై నడచినవాడు అప్పుడు రాష్ట్రపతి భవనమున నుండెను. రాజ్యాంగము ప్రకారము రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాను అనుసరించి నడువవలసినవాడు. పదవి ఎంత ఉన్నతమైనదో, దాని హద్దులును అంత దృఢమైనవి. 1954లో ఒక మంత్రి రాజీనామాచేసి చూపిన దారి ఏపాటిదో ఈ సంఘటనవలన మరింత స్పష్టమగును.

ఆ సంవత్సరము ఆగస్టులో గిరిగారి పదవీకాలము ముగిసెను. 1975లో భారతప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదము నొసగి గౌరవించెను. 1980 జూన్ నెలలో మద్రాసు నగరమున ఆయన కన్నుమూసిరి. నోయిడాలోని జాతీయ శ్రామిక సంస్థ 1995నుండి ఆయన పేరుతో వెలయుచున్నది.

యజమానులందరు దుర్మార్గులని గిరిగారు తలపలేదు. పనివారు చేసినదంతయు ఒప్పనియు తలపలేదు. ఇరువురును ఒకే బండికి కట్టిన ఎడ్లవంటివారు. ఒకటి కుంటినచో రెండవది ఎంత బలముగా లాగినను బండి సాగదు. బాలబాలికలారా! రేపు మీలో కొందరు దుకాణములు పెట్టుదురు. కొందరు బట్టీలు, మిల్లులు నడుపుదురు. పెక్కుమంది ఇతరులయొద్ద ఉద్యోగము చేయుదురు. జీతములిచ్చు దినమున గల్లాపెట్టెకు ఏ ప్రక్కన నిలిచియున్నను, రెండవ ప్రక్కన నిలిచినవాని ఇంట పొయ్యి వెలుగవలెనన్న మాటను మరువకుడు. లెక్క సరిగా నుండుట ఎంత ముఖ్యమో, ఆ లెక్కను వ్రాసిన చేతికి న్యాయము జరుగుటయు అంత ముఖ్యము.